ఎత్తులు, నీళ్లు, రేవులు: భౌతిక పటం మీద ఒక దేశ రాజకీయం చదివే పద్ధతి

ఫలానా దేశం ఎందుకు ఇలా ఉందని అడిగితే చాలామంది నేరుగా నాయకుల పేర్లలోకి దిగుతారు. కొందరు ఇంకో కొసకు పోయి, సముద్రం లేదు కాబట్టి పేద దేశం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రెండూ తొందరపాటే. కొండలు, నదులు, రేవులు ఏ దేశానికీ తలరాత రాయవు. కొన్ని పనుల ఖర్చు పెంచుతాయి, కొన్నింటి ఖర్చు తగ్గిస్తాయి, అంతవరకే. రోడ్డు వేయడం, పన్ను వసూలు చేయడం, సైన్యాన్ని నడపడం, ఎరువులు దించుకోవడం, కరెంటు తీయడం: వీటిలో ఏది ఎక్కడ ఎంత కష్టమో పటం చూస్తే తెలుస్తుంది. ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారో, ఎవరి నెత్తిన రుద్దారో తెలియాలంటే చరిత్ర చూడాలి. ఈ రెండింటినీ విడివిడిగా రాసుకుని, తరువాత కలిపి చూడటమే ఇక్కడ చెప్పే పద్ధతి.

కసరత్తుకు ఇథియోపియాను తీసుకుందాం. నేర్చుకునేవాళ్లకు ఇంత అనుకూలమైన దేశం తక్కువ. ఎత్తైన పీఠభూమి, సముద్ర మట్టం కంటే కిందికి దిగిన ఎడారి, పొరుగు దేశాలను బతికించే నది, చేజారిన సముద్ర తీరం అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. పైగా ఎగువ, దిగువ రాష్ట్రాల నీటి గొడవలు చూస్తూ పెరిగిన తెలుగువాళ్లకు అక్కడి నైలు తగాదా సగం తెలిసినట్టే ఉంటుంది.

సిద్ధం చేసుకోవాల్సినవి

ఏ3 సైజులో ప్రింటు తీసిన ఎత్తుల పటం ఒకటి, దేశాల సరిహద్దులు లేనిది. నాలుగు ట్రేసింగ్ పేపర్లు, రంగు పెన్సిళ్లు, స్కేలు, వృత్తలేఖిని, క్యాలిక్యులేటర్. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకోండి, ఉచితమే. ఎత్తు గీతలు కనిపించాలంటే ఓపెన్‌టోపోమ్యాప్ సైటు బాగుంటుంది. మొత్తం నాలుగైదు గంటల పని, రెండు పూటలుగా చేస్తే మేలు.

పటం హద్దులు ఇలా పెట్టుకోండి: ఉత్తర అక్షాంశం 3 నుంచి 18 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 32 నుంచి 52 డిగ్రీలు. 1 సెంటీమీటరు 60 కిలోమీటర్లు అయ్యేలా ప్రింటు తీస్తే ఏ3 కాగితంలో సరిగ్గా పడుతుంది. ఈజిప్టు ఇందులోకి రాదు. దానికి వేరే చిన్న పటం చాలు.

ఆన్‌లైన్ పటాల్లో ఎక్కువ భాగం మెర్కేటర్ పద్ధతిలో ఉంటాయి, అంటే ధ్రువాల వైపు పోయేకొద్దీ నేలను సాగదీసి చూపిస్తాయి. భూమధ్యరేఖకు దగ్గరలో ఇబ్బంది లేదు. 30 డిగ్రీల దగ్గర పొడవులు 15 శాతం సాగుతాయి. 60 డిగ్రీల దగ్గర పొడవు రెట్టింపు, విస్తీర్ణం నాలుగింతలు అవుతుంది. ఇథియోపియా 9 డిగ్రీల మీద ఉంది కాబట్టి స్కేలుతో నేరుగా కొలవచ్చు. నార్వే, రష్యాల మీద ఇదే పని చేస్తే కొలతలన్నీ తప్పుతాయి. దేశం పరిమాణం మనసులో నిలవడానికి ఒక లెక్క: ఇథియోపియా సుమారు 11 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే భారతదేశంలో మూడో వంతు, రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినంత నేలకు నాలుగింతలు.

మొదటి పొర: ఎత్తు

ట్రేసింగ్ పేపరు వేసి మూడు గీతలు గీయండి: 500, 1,500, 2,400 మీటర్లు. గీతల నునుపు గురించి పట్టించుకోకండి, ముతకగా వచ్చినా చాలు. ఆ అంకెలు ఊరికే ఎంచుకున్నవి కావు. ఇథియోపియన్లు తమ నేలను ఎత్తును బట్టే విడదీసి పిలుస్తారు. 1,500 లోపు వేడి పల్లం కొల్లా, 1,500 నుంచి 2,400 దాకా వోయినా దేగా, ఆపైన చలి నేల దేగా. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. 2,350 మీటర్ల మీదున్న రాజధాని ఆడిస్ అబాబా, అదే అక్షాంశంలో సముద్రపు ఒడ్డున ఉండే ఊరికంటే 15 డిగ్రీలు చల్లగా ఉంటుంది. 2,000 మీటర్లు దాటాక మలేరియా దోమకు చలి ఎక్కువై వ్యాధి బాగా తగ్గిపోతుంది. వాళ్ల ప్రధాన ధాన్యమైన టెఫ్, పశువులు, పాతకాలపు రాజధానులు, చర్చిలు అన్నీ పైనే ఎందుకు చేరాయో ఈ ఒక్క పొరతోనే సగం తెలిసిపోతుంది.

ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. ఎత్తుల పటంలో ఆకుపచ్చ అంటే పల్లం, గోధుమ రంగు అంటే ఎత్తు. ఆకుపచ్చ కనిపించగానే పచ్చటి నేల అనుకుంటే ఇథియోపియా మొత్తం తలకిందులవుతుంది. పటంలో పచ్చగా కనిపించే ఆగ్నేయంలోని ఒగాడెన్, ఈశాన్యంలోని అఫార్ ఎండు నేలలు. పంట పండేది గోధుమ రంగులో ఉన్నచోటే. అఫార్‌లోని డనాకిల్ పల్లం సముద్ర మట్టానికి 125 మీటర్ల దాకా కిందికి ఉంటుంది. పటాల్లో దానికీ ముదురు ఆకుపచ్చే వేస్తారు.

ఇప్పుడు గీతలు ఎక్కడ ఒకదానికొకటి అంటుకుపోతున్నాయో చూడండి. అక్కడ నేల నిట్టనిలువుగా ఉందన్నమాట. డెస్సీ నుంచి తూర్పుకు మిల్లే వైపు వెళ్తే సుమారు 130 కిలోమీటర్లలో 2,000 మీటర్ల దిగుడు. పీఠభూమికి తూర్పున పొడవునా ఇలాంటి అంచు ఉంది. మధ్యలో రిఫ్ట్ లోయ, అంటే భూమి చీలి కుంగిన పొడవాటి పల్లం, పీఠభూమిని రెండు ముక్కలు చేసింది. పడమటి ముక్కను మళ్లీ నదుల గండ్లు చీల్చాయి. అబ్బాయ్, అంటే నీలి నైలు, తవ్వుకున్న గండి కొన్నిచోట్ల వెయ్యి మీటర్లకు పైగా లోతు. ఆ లోతును ఎర్ర పెన్సిల్‌తో గుర్తించండి.

ఈ ఎర్ర గీతల పక్కన రెండు ప్రశ్నలు రాయాలి. బయటి సైన్యానికి పైకి రావడానికి ఎంత ఖర్చు? లోపలి రాజుకు ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు అధికారం పంపడానికి ఎంత ఖర్చు? మొదటిదానికి జవాబు 1896 నాటి అడ్వా యుద్ధం. ఎర్ర సముద్రపు తీరం నుంచి పైకెక్కి వచ్చిన ఇటలీ సైన్యాన్ని రెండో మెనెలిక్ సైన్యం ఓడించింది. రెండోదానికి జవాబు అంతకుముందు, 18వ శతాబ్దం చివరి నుంచి 1855 దాకా సాగిన సామంతుల కాలం. చక్రవర్తి పేరుకే ఉండి, ఏ గట్టు మీది దొర ఆ గట్టుకు రాజైన రోజులవి. బయటివాణ్ని ఆపిన గండ్లే లోపలి కేంద్రాన్నీ ఆపాయి. రెండోది రాయకుండా మొదటిదొక్కటే రాస్తే దేశభక్తి వ్యాసం అవుతుంది, విశ్లేషణ అవదు.

అడ్వాతో ఆగిపోకూడదు కూడా. 1935లో ఇటలీ మళ్లీ వచ్చింది. ఈసారి విమానాలు, విషవాయువు తెచ్చింది. 1936 మేలో ఆడిస్ అబాబాలో అడుగుపెట్టి 1941 దాకా ఉంది. కొండలు అవే, వాటిని దాటే ఖర్చు మాత్రం తగ్గింది. అందుకే పటం మీద రాసే ప్రతి ఖర్చు పక్కనా ఏ సంవత్సరపు ఖర్చో రాయాలి. తేదీ లేని భౌగోళిక వాదనను నమ్మకండి.

ఒక పక్క ముచ్చట. పాత రాజధానులు చుట్టుపక్కల కట్టెలు అయిపోతే వేరే చోటికి కదిలేవి. 1886లో పుట్టిన ఆడిస్ అబాబాకూ అదే గతి పట్టేది. మెనెలిక్ కాలంలో ఆస్ట్రేలియా జామాయిల్ మొక్కలు తెప్పించి నాటారు, వంటచెరుకు దొరికింది, రాజధాని అక్కడే నిలిచింది. కట్టెపుల్ల కూడా రాజకీయ భూగోళమే.

రెండో పొర: వాన

సంవత్సరపు సగటు వర్షపాతం చూసి సరిపెట్టుకోకండి. నెలలవారీ అంకెలు తీయండి, మూడు ఊళ్లవైనా సరే: ఒకటి పీఠభూమి మీద, ఒకటి అంచు కింద, ఒకటి ఎండు పల్లంలో. ఆడిస్ అబాబా వార్షిక వానలో దాదాపు సగం జులై, ఆగస్టుల్లోనే పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పెద్ద కారు. ఫిబ్రవరి నుంచి మే మధ్య పడే చిన్న వానలను నమ్మడానికి లేదు. ఒగాడెన్‌లో ఇది మారిపోతుంది. అక్కడ ఏప్రిల్, మేలలో ఒకసారి, అక్టోబరు, నవంబరుల్లో ఇంకోసారి కొద్దికొద్దిగా పడుతుంది. అందుకే అక్కడ నాగలి కన్నా ఒంటెలు, మేకలే నమ్మకం. ఆ జనం వాన వెంట కదులుతారు, సరిహద్దు గీత వెంట కాదు. 1977-78లో సోమాలియాతో జరిగిన ఒగాడెన్ యుద్ధాన్ని చదివేటప్పుడు ఈ పొర పక్కన పెట్టుకోండి.

వాడుకకు పనికొచ్చే లెక్క ఒకటుంది. ఏడాది వానలో సగం రెండు నెలల్లోనే పడుతుంటే, ఆ దేశంలో నీటి నిల్వ ఎవరి చేతిలో ఉందన్నది తప్పకుండా రాజకీయం అవుతుంది.

మూడో పొర: నీళ్లు ఎటు పోతున్నాయి

నీలి పెన్సిల్‌తో నదులు గీసి, ప్రతి నదికీ చివర బాణం పెట్టండి. బాణం దేశం లోపలే ఆగిందా, బయటికి పోయిందా? అవాష్ నది ఆడిస్ అబాబాకు పడమట పుట్టి, రిఫ్ట్ లోయలోకి దిగి, సముద్రం చేరకుండానే జిబూటీ సరిహద్దు దగ్గర అబ్బే సరస్సులో ఇంకిపోతుంది. దాని నీళ్లు ఎవరూ అడగరు. కాబట్టి ఇథియోపియా చెరకు తోటలు, ఆనకట్టలు అక్కడ పొరుగువాడి అనుమతి లేకుండానే ముందు వచ్చాయి. అబ్బాయ్ సంగతి వేరు. టానా సరస్సు నుంచి బయల్దేరి, గండిలో చుట్టు తిరిగి, సూడాన్‌లోకి దిగి, ఖార్టూమ్ దగ్గర తెల్ల నైలుతో కలుస్తుంది. ఈజిప్టుకు చేరే నైలు నీటిలో సుమారు 85 శాతం ఇథియోపియా పీఠభూమి మీద పడిన వానదే.

ఈ పొరలో అంకెలను మనకు తెలిసిన కొలతలోకి మార్చుకుంటే తగాదా పరిమాణం చటుక్కున అర్థమవుతుంది. 1 బిలియన్ ఘనపు మీటర్లు అంటే 35.3 టీఎంసీలు. 1959లో ఈజిప్టు, సూడాన్ రెండే కూర్చుని నైలును పంచుకున్నాయి. ఈజిప్టులోని అస్వాన్ దగ్గర సగటు ప్రవాహం 84 బిలియన్లు, అంటే సుమారు 2,965 టీఎంసీలు. ఈజిప్టుకు 55.5 బిలియన్లు, 1,960 టీఎంసీలు. సూడాన్‌కు 18.5 బిలియన్లు, 650 టీఎంసీలు. మిగతా 10 ఆవిరి పద్దు. నీళ్లిచ్చే ఇథియోపియాకు ఆ కాగితంలో చోటే లేదు. ఇక ఇథియోపియా 2011లో మొదలుపెట్టి 2025 సెప్టెంబరులో ప్రారంభించిన మహా పునరుజ్జీవ ఆనకట్ట నిల్వ 74 బిలియన్లు, సుమారు 2,610 టీఎంసీలు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నదిలో 75 శాతం నమ్మకంతో దొరుకుతాయని లెక్కగట్టిన నీళ్లు 2,060 టీఎంసీలు. కృష్ణ ఏడాది నికర జలాలన్నీ ఒక్క జలాశయంలో పోసినా ఇంకా ఖాళీ మిగిలే తొట్టి అది.

ఇప్పుడు ఆనకట్ట ఎక్కడ కట్టారో పటం మీద చుక్క పెట్టండి. సూడాన్ సరిహద్దుకు దగ్గరలో, గండి ముగిసి నేల పల్లానికి దిగేచోట. ఈ చుక్క చాలా చెబుతుంది. ఎగువన గండి అంత లోతుగా ఉంటే నీళ్లను పైనున్న పొలాలకు ఎక్కించడం లిఫ్టులతోనూ గిట్టుబాటు కాదు. దిగువన ఇథియోపియాకు మిగిలిన నేల కొద్దిపాటిదే. కాబట్టి ఈ ఆనకట్ట కింద చెప్పుకోదగ్గ ఆయకట్టు లేదు, ఉన్నది కరెంటే. టర్బైన్ తిప్పిన నీళ్లు సూడాన్‌కు పోక తప్పదు. ఈజిప్టు నీళ్లన్నీ ఇథియోపియా తాగేస్తుందనే మాట ఈ చుక్క దగ్గరే వీగిపోతుంది.

అలాగని కైరో భయం ఉత్తదీ కాదు. వాళ్ల పేచీ నీరు ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నదాని మీద ఎక్కువ. వరసగా మూడు నాలుగేళ్లు కరువొస్తే జలాశయం నింపుకోవడం ముందా, దిగువకు వదలడం ముందా? ఈజిప్టు కోరేది ఆ ఏళ్లకు కట్టుబడే ఒప్పందం. 2015లో ఖార్టూమ్‌లో మూడు దేశాలు సంతకం చేసిన సూత్రాల ప్రకటనలో అలాంటి అంకెలు లేవు. శ్రీశైలం ఎడమగట్టున తెలంగాణ కరెంటు తీయడం మీద 2021లో ఆంధ్రప్రదేశ్‌తో రేగిన గొడవ గుర్తున్నవాళ్లకు ఈ వాదన కొత్తగా అనిపించదు. టర్బైన్ దాటిన నీళ్లు దిగువకే వస్తాయి, కానీ పొలానికి అక్కర ఉన్న నెలలో వస్తాయా అన్నదే తగువు. సూడాన్‌ది ఇంకో రకం లెక్క. ఎగువ ఆనకట్ట వరదను సమం చేస్తే దానికి లాభం. చెప్పాపెట్టకుండా గేట్లు ఎత్తితే, దించితే నష్టం.

కృష్ణతో పోలిక ఒకచోట తెగిపోతుంది, దాన్నీ రాసుకోండి. అప్పటికే వాడుకలో ఉన్న నీటికి బచావత్ ట్రిబ్యునల్ రక్షణ ఇచ్చింది. డెల్టా పాత హక్కు నిలబడటానికి వెనక ఒక చట్టం, ఒక కేంద్ర ప్రభుత్వం ఉన్నాయి. ఈజిప్టుదీ సరిగ్గా అదే వాదన, వేల ఏళ్ల వాడుక. కానీ తీర్పు చెప్పే ట్రిబ్యునల్ నైలు మీద లేదు. నది ఒకే దేశంలో పారితే కోర్టు తగాదా అవుతుంది, మూడు దేశాల్లో పారితే విదేశాంగ శాఖల తగాదా అవుతుంది.

ఆనకట్ట గురించి చదివేటప్పుడు మెగావాట్లు చూసి మోసపోకుండా చిన్న లెక్క చేయండి. మెగావాట్లను 8.76తో గుణిస్తే, యంత్రాలు ఏడాది పొడవునా పూర్తి జోరుతో తిరిగితే వచ్చే మిలియన్ యూనిట్లు తెలుస్తాయి. 5,150 మెగావాట్లకు అది సుమారు 45,100. ఏటా వస్తుందని అంచనా వేసింది 15,700 మిలియన్ యూనిట్ల దాకానే. దాదాపు 35 శాతం. నదిలో ఏడాదికి వచ్చే మొత్తం నీళ్లతో ఇంతకన్నా ఆశించలేం.

నాలుగో పొర: సముద్రానికి దారి

ఇది అన్నిటికన్నా శ్రద్ధగా చేయాల్సిన పొర. ఆడిస్ అబాబాలో వృత్తలేఖిని ముల్లు గుచ్చి నాలుగు చాపాలు గీయండి. జిబూటీ సుమారు 560 కిలోమీటర్లు, కాగితం మీద 9.3 సెంటీమీటర్లు. అస్సాబ్ 620, అంటే 10.3 సెంటీమీటర్లు. బెర్బెరా 700, అంటే 11.7. మస్సావా 730, అంటే 12.2. పోర్ట్ సూడాన్, లాము, మొంబాసా 1,200 నుంచి 1,450 కిలోమీటర్ల దూరంలో పడతాయి, కాగితం బయటికి పోతాయి. ఆ నాలుగు రేవుల పక్కనా అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో రాయండి. జిబూటీ స్వతంత్ర దేశం. అస్సాబ్, మస్సావా ఎరిత్రియావి. బెర్బెరా సోమాలీలాండ్‌ది. సోమాలీలాండ్ తనను తాను స్వతంత్ర దేశంగా ప్రకటించుకుంది, సోమాలియా మాత్రం అది తన భాగమే అంటుంది. ఇథియోపియా విదేశాంగ విధానంలో సగం ఈ నాలుగు చుక్కల దగ్గరే ఉంది.

ఇప్పుడు గూగుల్ ఎర్త్ ప్రోలో జిబూటీ నుంచి ఆడిస్ అబాబాకు రైలు మార్గం వెంట పాత్ గీయండి. దాని మీద రైట్ క్లిక్ చేసి షో ఎలివేషన్ ప్రొఫైల్ నొక్కితే కింద ఎత్తుల గ్రాఫు వస్తుంది. రైలు సున్నా మీటర్ల దగ్గర బయల్దేరి డైర్ దావా దగ్గరికి సుమారు 1,200కి ఎక్కుతుంది. అక్కణ్నుంచి దిగి అవాష్ దగ్గర వెయ్యి లోపుకు వస్తుంది. మళ్లీ ఎక్కి అడామా దగ్గర 1,700, చివరికి 2,300 దాటుతుంది. ఎక్కిన ఎత్తును మధ్యలో పోగొట్టుకుని మళ్లీ ఎక్కడమంటే ఇంజిను ఒకే కొండను రెండుసార్లు ఎక్కినట్టు. సరళరేఖలో 560 కిలోమీటర్ల దూరానికి 750 కిలోమీటర్ల పట్టాలు పడ్డాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 1.34. ఈ నిష్పత్తిని ప్రతి మార్గానికీ వేసి పెట్టుకోండి. చదునైన నేల మీద 1.1, 1.2 దగ్గర ఉంటుంది. 1.3 దాటితే నేల ఎక్కడో అడ్డం పడుతోందని అర్థం. ఎక్కడో ప్రొఫైల్ చూపిస్తుంది.

గ్రాఫులో డైర్ దావా దగ్గర కాస్త ఆగండి. ఫ్రెంచివాళ్లు వేసిన పాత మీటర్ గేజి లైను నిజానికి హరార్‌కు పోవాలి. వందల ఏళ్ల వర్తక నగరం అది, దాదాపు 1,900 మీటర్ల ఎత్తున కొండ మీద ఉంది. అంత ఎక్కడం ఖర్చని లైనును కొండ కిందనే నడిపారు. 1902లో పట్టాలు ఆగినచోట ఊరు లేచింది, అదే డైర్ దావా. లైను ఆడిస్ అబాబా చేరింది 1917లో. పాత నగరం వెనకబడింది, కొత్తది దేశంలోని పెద్ద పట్టణాల్లో చేరింది. 2016లో ప్రారంభించిన కొత్త విద్యుత్ రైలు కూడా డైర్ దావా మీదుగానే పోతుంది.

భూపరివేష్టిత దేశం అనే మాటను ఈ పొరలో జాగ్రత్తగా వాడాలి. పీఠభూమి అంచు, అఫార్ ఎడారి భౌతిక వాస్తవాలు. సముద్రం లేకపోవడం అలాంటిది కాదు, అది సరిహద్దు గీత ఫలితం. 1890లో ఇటలీ ఎరిత్రియాను వలసగా ప్రకటించింది. 1952లో అది ఇథియోపియాతో సమాఖ్యగా కలిసింది, 1962లో విలీనమైంది, ముప్పై ఏళ్ల యుద్ధం తరువాత 1993లో స్వతంత్రమైంది. అప్పటికీ అస్సాబ్ రేవును ఇథియోపియా వాడుకుంటూనే ఉంది. 1998లో సరిహద్దు యుద్ధం మొదలయ్యాకే ఆ దారి మూసుకుపోయి సరుకంతా జిబూటీ మీద పడింది. ఇప్పుడు ఇథియోపియా సముద్ర వర్తకంలో 90 శాతానికి పైగా ఆ ఒక్క రేవే. పటం 1993 నుంచి 1998 దాకా ఏమీ మారలేదు, మారింది రెండు ప్రభుత్వాల మధ్య మాట. మీ ట్రేసింగ్ మీద నేల అడ్డంకులు ఒక రంగులో, గీత అడ్డంకులు ఇంకో రంగులో వేయండి. ఈ రెండూ కలిపేయడం వల్లే సముద్రం లేని దేశాల మీద రాసే వ్యాసాలు చాలావరకు పాడవుతాయి.

ఒకే రేవు మీద ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి జిబూటీ వైపు నుంచీ చూడాలి. జనాభా పది లక్షల పరిధిలో ఉన్న దేశం. ఎర్ర సముద్రానికి దక్షిణపు వాకిలైన బాబ్ ఎల్ మందెబ్ జలసంధి పక్కన కూర్చోవడం వల్ల అమెరికా, ఫ్రాన్స్, జపాన్, ఇటలీ, 2017 నుంచి చైనా అక్కడ సైనిక స్థావరాలు పెట్టుకున్నాయి. అద్దెలు, రేవు రుసుములే దానికి ఆదాయం. పన్నెండు కోట్లకు పైగా జనం ఉన్న ఇథియోపియా బేరమాడే శక్తి అంత చిన్న దేశం ముందు తగ్గుతుంది, ఎందుకంటే రెండో దారి సిద్ధంగా లేదు. సముద్ర చట్టంపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం తీరం లేని దేశాలకు దారి హక్కు ఇచ్చింది గానీ షరతులు దారిచ్చే దేశంతో మాట్లాడుకోమంది. 2024 జనవరి 1న సోమాలీలాండ్‌తో 20 కిలోమీటర్ల తీరం కోసం ఇథియోపియా అవగాహన పత్రం మీద సంతకం చేయడం, సోమాలియా భగ్గుమనడం, అదే ఏడాది డిసెంబరులో అంకారాలో తుర్కియే మధ్యవర్తిత్వంతో రాజీ మాట అనుకోవడం అన్నీ 11.7 సెంటీమీటర్ల ఆ చాపం మీదివే.

దారి అంటే నేల మీదిదే కానక్కర్లేదు. ఇథియోపియా 1945లోనే విమాన సంస్థ పెట్టుకుంది. గులాబీల ఎగుమతి గాలిలోనే సాగుతుంది. అక్కడా ఎత్తు వదల్లేదు. 2,300 మీటర్ల మీద గాలి పలచన, నిండు బరువుతో విమానం లేవడం కష్టం. ఆడిస్ అబాబా నుంచి అమెరికా వెళ్లే విమానాలు మధ్యలో ఇంధనానికి దిగడానికి అదొక కారణం.

జనం పొర

దీని మీద ఎక్కువసేపు కూర్చోవద్దు. జనసాంద్రత పటం తీసి మొదటి పొర మీద పెట్టండి. జనంలో ఎక్కువమంది 1,500 మీటర్ల గీత పైన ఉంటారు. తరువాత 1995 రాజ్యాంగం భాషా జాతుల ప్రాతిపదికన ఏర్పరచిన రాష్ట్రాల పటం పెట్టండి. అఫార్, సోమాలీ రాష్ట్రాల హద్దులు పల్లపు నేల గీతలకు చాలావరకు దగ్గరగా పడతాయి. ఒరోమియా అలా పడదు, రిఫ్ట్ లోయ రెండు పక్కలకూ పరుచుకుంది. సరిపోయినచోటు చూసి సంతోషపడేకంటే సరిపోనిచోటే ఎక్కువ నేర్చుకోవచ్చు. అక్కడ నేల కాకుండా వేరే ఏదో, వలసలో రాజుల దండయాత్రలో, పని చేసిందన్నమాట.

పరీక్ష: నేల అదే, ఫలితం వేరు

నాలుగు పొరలూ గీశాక ఏ విషయానికైనా భౌగోళిక కారణం దొరికేస్తుంది. అందుకే ఈ దశ తప్పించకూడదు. మీరు రాసిన ప్రతి వాక్యానికీ, అదే నేల మీద వేరే కాలంలో వేరే ఫలితం వచ్చిందా అని వెతకండి.

1984 కరువు తీసుకోండి. టిగ్రే, వొల్లో ప్రాంతాల్లో వానలు పోయాయి, లక్షల మంది చనిపోయారు. కొండ ప్రాంతం, దారులు లేవు, సాయం చేరలేదు అని రాయడం తేలిక. 2015-16లో ఎల్ నినో వల్ల మళ్లీ తీవ్రమైన కరువు వచ్చింది, కోటి మందికి పైగా ఆహార సాయం అవసరమైంది. 1984 లాంటి చావులు మాత్రం లేవు. కొండలు కదల్లేదు. 1984లో ఆ ప్రాంతాల్లోనే ప్రభుత్వం తిరుగుబాటుదార్లతో యుద్ధంలో ఉంది, కరువును చాలాకాలం దాచింది. 2005 నుంచి దేశంలో పనికి ఆహారం, నగదు ఇచ్చే భద్రతా పథకం నడుస్తోంది, రోడ్లు పెరిగాయి. కాబట్టి మీ వాక్యం ఇలా మారాలి: వాన పోవడం పంటను తీసింది, ప్రాణాలు తీసింది యుద్ధమూ పాలనా.

ఇంకో పరీక్ష దేశం బయట. బోట్స్వానాకూ సముద్రం లేదు, నేలలో ఎక్కువ భాగం కలహారి. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటి. వజ్రాల ఆదాయాన్ని ఖజానాకు చేర్చి, ఎన్నికలు ఆపకుండా మధ్య ఆదాయ దేశమైంది. వజ్రం బరువు తక్కువ, విలువ ఎక్కువ, విమానంలో పోతుంది. అందువల్ల అక్కడ రేవు లేని ఖర్చు పెద్దగా తగల్లేదు. ఎరువులు, డీజిలు దిగుమతి చేసుకునే ఇథియోపియాకు తగిలింది. తీరం లేకపోవడం ఎంత భారమో దేశం అమ్మే, కొనే సరుకు బరువును బట్టి ఉంటుంది.

రాయడం

చివరికి ఒక పేజీ రాయండి, అంతకు మించొద్దు. మూడు నిలువు గళ్లు: నేల, అది పెంచిన లేదా తగ్గించిన ఖర్చు, ఆ ఖర్చు మోసినవాళ్లు. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ వరుస కొట్టేయండి. ఇథియోపియా కొండల దేశం కాబట్టి వెనకబడింది అన్న వాక్యంలో మనుషులే లేరు, అది పనికిరాదు. రేవు నుంచి రాజధానికి 2,300 మీటర్లు ఎక్కాల్సి రావడం వల్ల 1998 తరువాత ప్రతి ఎరువు బస్తా మీదా రవాణా ఖర్చు పడింది, అస్సాబ్ దారి మూసుకోవడం దాన్ని ఒకే రేవుకు కట్టేసింది అన్నదాన్ని ఎవరైనా సరిచూడవచ్చు, కాదనవచ్చు కూడా.

రెండో కసరత్తుకు రష్యా, అమెరికా, చైనాలు పెట్టుకోకండి, ఏ వాదనకైనా అందులో ఎక్కడో ఒకచోట ఆధారం దొరుకుతుంది. నేపాల్ మంచిది. బీర్‌గంజ్‌లో వృత్తలేఖిని గుచ్చి కోల్‌కతాకు ఒక చాపం, విశాఖపట్నానికి ఇంకోటి గీయండి. విశాఖ సుమారు 1.7 రెట్ల దూరం. అయినా 2015 నాటి సరిహద్దు దిగ్బంధం తరువాత, 2016లో నేపాల్‌కు రెండో రేవుగా విశాఖ ఖరారైంది. దూరం చాపంతో తేలుతుంది గానీ కారణం తేలదు. దానికి రెండు రేవుల లోతులు వెతకాలి: కోల్‌కతా హుగ్లీ నది మీద పూడికతో తంటాలు పడే రేవు, విశాఖది పెద్ద ఓడలు నేరుగా ఆగగల లోతు. అక్కణ్నుంచి మొదలుపెట్టండి.